చవక సముద్రం: పగడపు అక్వేరియం ఖర్చు ఎవరి ఖాతాలో?

సముద్రపు అక్వేరియం పెట్టాలనుకున్న కొత్తవారు ముందు అడిగేది ఒక్కటే: తక్కువలో తక్కువ ఎంతవుతుంది? దానికి దొరికే జవాబులకు ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. ఇరవై లీటర్ల గాజు తొట్టె, ఓ చిన్న పంపు, ఓ ఎల్‌ఈడీ దీపం చాలంటారు ఒకరు. రెండు వందల లీటర్లకు తగ్గితే మొదలే పెట్టొద్దంటారు ఇంకొకరు. మలినాన్ని లాగేసే స్కిమ్మర్ లేనిదే పగడం బతకదని ఒక వాదం, స్కిమ్మర్ కొన్న డబ్బు దండగ అని ఇంకో వాదం. ప్రతి వాదానికీ సాక్ష్యంగా ఎక్కడో ఒక తొట్టె నిక్షేపంగా బతుకుతూ ఉంటుంది కాబట్టి ఎవరినీ తప్పని తోసిపుచ్చలేం. ఈ చిక్కుముడి ఎందుకు పడిందో చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. వాదించేవారంతా ఖర్చు ఎంతని లెక్కపెడుతున్నారు గాని, ఆ ఖర్చు ఏ ఖాతాలో పడుతోందని చూడడం లేదు. ఈ పనిలో ఖాతాలు నాలుగు: జేబు, చేతి కష్టం, కాలం, సముద్రం. ఇప్పటిదాకా వచ్చిన ప్రతి పద్ధతీ వీటిలో ఒకదాని మీది బరువును ఇంకోదాని మీదికి నెట్టింది. చవక అన్న మాటను అలా చూస్తే సగం వాదాలు వాటంతటవే విడిపోతాయి. మిగిలిన సగం ఇప్పటికీ తేలలేదు.

గాజు వెనక నూట డెబ్బై ఏళ్లు

లండన్ జంతుప్రదర్శనశాలలో 1853లో జనం చూడడానికి ‘ఫిష్ హౌస్’ తెరిచారు. దానికి ప్రాణం పోసినవాళ్లలో ముఖ్యుడు ఫిలిప్ హెన్రీ గాస్. మరుసటి ఏడే ‘ది అక్వేరియం’ అనే పుస్తకం వేశాడు, ఉప్పులు కలిపి సముద్రపు నీరు తయారుచేసుకునే పాళ్లూ ప్రకటించాడు. దాంతో ఇంగ్లండులో మధ్యతరగతి ఇళ్లన్నిటికీ ఈ సరదా పాకింది. సముద్రపు ఒడ్డున రాళ్ల మధ్య మడుగుల్లో దొరికిన జీవాలను జనం బుట్టలకొద్దీ ఏరుకుపోయారు. తండ్రి పుస్తకాలు చదివి వచ్చిన జనమే ఆ మడుగులను ఊడ్చిపెట్టారని కొడుకు ఎడ్మండ్ గాస్ 1907 నాటి తన జ్ఞాపకాల పుస్తకంలో బాధపడ్డాడు. సరుకు ఊరికే దొరికింది, బిల్లు సముద్రం కట్టింది. ఈ కథ అక్కడితో ఆగి ఉంటే చెప్పుకోనక్కర్లేదు.

వందేళ్ల తర్వాత, 1961లో, జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒక అమెరికా పత్రికలో తన పద్ధతి రాశాడు. పగడపు దిబ్బ (రీఫ్) మీద నుంచి జీవాలు అంటుకుని ఉన్న రాళ్లు, అంటే ఇవాళ లైవ్ రాక్ అంటున్నవి, తెచ్చి తొట్టెలో పేర్చడం, సన్నగా గాలి బుడగలు వదలడం, ఎండ తగలనివ్వడం. అంతే, ఫిల్టరు లేదు. యంత్రాలతో కుస్తీపడుతున్న పాశ్చాత్యులకు అది నమ్మశక్యం కాలేదు. అమ్మోనియాను మార్చే బాక్టీరియా ఆ రాతి బొరియల్లోనే కాపురం ఉంటుందన్నది తర్వాత అందరికీ ఎక్కింది. చవకకు ఇంతకంటే మంచి నమూనా లేదని నేటికీ చెప్పుకుంటారు. కానీ దిబ్బ ఊరి పక్కనే ఉన్నవాడికి అది చవక. జర్మనీలో ఉన్నవాడికి అదే రాయి విమానమెక్కి రావాలి.

ఐరోపా దారి వేరు. పీటర్ విల్కెన్స్ 1973లో జర్మన్‌లో వేసిన పుస్తకం రాతి పగడాలను ఇంట్లో పెంచొచ్చని చూపింది. వాటి అస్థిపంజరానికి కావలసిన కాల్షియం కోసం ఆయన వాడించినది మన ఇళ్లల్లో అందరికీ తెలిసిన సున్నపు తేటే. దానికి బలమైన దీపాలు, లైవ్ రాక్, నురగతో పాటు మలినాన్ని బయటికి లాగేసే ప్రొటీన్ స్కిమ్మర్ కలిపి బెర్లిన్ ఔత్సాహికులు బెర్లిన్ పద్ధతిని స్థిరపరిచారు. అదే కాలంలో మొనాకోలో జాన్ జొబేర్ ఇసుక పొర కింద నీటి ఖాళీ వదిలి నైట్రేట్‌ను అక్కడే హరించే దారి పట్టాడు. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ, దీపం కింద నాచు పెంచి, దాన్ని గీకి పారేస్తే మలినం పోతుందన్నాడు. 1986లో జార్జ్ స్మిట్ అమెరికా పాఠకులకు ‘మినీ రీఫ్’ను పరిచయం చేశాక ఈ సరదా వ్యాపారమైంది. 2000 తర్వాత చిన్న నానో తొట్టెలు, ఆ తర్వాత చచ్చిన రాయితో, అంటే డ్రై రాక్‌తో మొదలుపెట్టే అలవాటు వచ్చాయి.

ఒక్కో పద్ధతి బరువు ఎక్కడ మోపిందో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. లీ చిన్ ఎంగ్ పద్ధతిలో జేబు తేలిక, సముద్రం మీద బరువు. బెర్లిన్ పద్ధతిలో బరువంతా జేబు మీద, కరెంటు బిల్లు మీద. ఏడీ పద్ధతిలో కొంత కరెంటు, చాలా చేతిపని. నానో తొట్టెలో కొనేటప్పుడు జేబుకు ఊరట, తర్వాత ప్రతివారం నీళ్లు మార్చే చేతులకు శ్రమ. డ్రై రాక్‌లో సముద్రానికి విడుదల, కాలానికి పొడిగింపు. మొదటిసారి పెట్టేవాడికి వీటిలో ఏది చవక అన్న ప్రశ్నకు, నీ దగ్గర ఏ ఖాతాలో నిల్వ ఉందన్న ఎదురు ప్రశ్నే సరైన జవాబు.

నీళ్ల దగ్గర బేరం లేదు

అన్ని వర్గాలూ ఒప్పుకునే విషయం ఒకటుంది: నీటి నాణ్యతకు బదులుగా ఇంకేదీ పనికిరాదు. మన ప్రాంతంలో తక్కువ బడ్జెట్ ఆలోచనలు ఎక్కువగా జారిపడేదీ ఇక్కడే. లీటరు సముద్రపు నీటిలో ఉండే ఉప్పు సుమారు 35 గ్రాములు. అయితే నౌపడ కళ్లాల్లోంచో చినగంజాం కళ్లాల్లోంచో కల్లుప్పు తెచ్చి కలిపితే చాలదా అని అడిగేవారుంటారు. చాలదు, కారణం ఉప్పు పండే తీరులోనే ఉంది. మడిలో నీరు ఆవిరయ్యేకొద్దీ కాల్షియం చాలావరకు జిప్సంగా ముందే దిగిపోతుంది. తర్వాత మామూలు ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చివరిదాకా చేదునీటిలో మిగిలి, ఆ నీటితోనే బయటికి పోతాయి. కళ్లం పని సముద్రాన్ని విడగొట్టడం. తొట్టెకు కావలసింది విడగొట్టని సముద్రం. లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 దాపుల మెగ్నీషియం, 8 నుంచి 11 డీకేహెచ్ ఆల్కలినిటీ ఉండాలి. అక్వేరియం సాల్ట్ మిక్స్ ఖరీదు ఈ పాళ్లకే.

ఉప్పు కలిపే మంచినీటిది ఇంకో గొడవ. బోరునీటిలో నైట్రేట్, సిలికేట్ ఉంటే అవి తొట్టెలో నాచుకు ఎరువు. ఇంట్లో ఆర్‌ఓ ఉందిగా అనుకుంటారు గాని, తాగునీటి ఆర్‌ఓ మిషన్లు చాలావాటిలో టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. రుచి కోసం వడకట్టని నీటిని కొంచెం తిరిగి కలపడమే దాని పని. దాన్ని మూసి, చివర డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలించి, టీడీఎస్ మీటరు సున్నా చూపేదాకా తేగలిగితే కొత్త మిషన్ కొనే పని తప్పుతుంది. సెలైనిటీ, అంటే ఉప్పదనం, కొలవడంలో మాత్రం తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. భీమవరం నుంచి నెల్లూరు దాకా రొయ్యల చెరువులకు సరుకు అమ్మే ఆక్వా దుకాణాల్లో రిఫ్రాక్టోమీటర్, అమ్మోనియా కిట్, ఆల్కలినిటీ కిట్ మామూలు సరుకు. రొయ్యల రైతుకు ఈ మాటలన్నీ నోటికొచ్చు. కాకపోతే చెరువులో తప్పును చెరువే మింగుతుంది, తొట్టెకు ఆ కడుపు లేదు. అందుకే రిఫ్రాక్టోమీటర్‌ను ఉత్తి నీటితో సున్నాకు సరిచూస్తే సరిపోదు, 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో కూడా సరిచూడాలి. చెరువులకు వాడే ఖనిజాల సంచులను తొట్టె దరిదాపులకు రానివ్వకూడదు. చేపల మందుల్లో వాడే రాగి పగడాలకు, రొయ్యలకు విషం.

ఉప్పునీటిని బజార్లో కొనడమెందుకు, విశాఖ బీచ్‌లో ఊరికే ఉందిగా అన్న అభ్యంతరం న్యాయమైనదే. బంగాళాఖాతం విషయంలో మాత్రం దానికి ఒక పరిమితి ఉంది. వానాకాలం వెళ్లేటప్పటికి గంగ, మహానది, గోదావరి తెచ్చిపోసిన మంచినీరు తీరం వెంట పైపొరగా పరుచుకుంటుంది, సెలైనిటీ 35 కంటే బాగా దిగిపోతుంది. పైగా విశాఖ రేవూ పరిశ్రమలూ ఉన్న ఊరు. ఎండాకాలం మొదట్లో, ఊరికి దూరంగా, అల స్వచ్ఛంగా ఉన్న చోట పట్టి, కొలిచి, కొన్నాళ్లు చీకట్లో నిలవుంచి వాడేవారికి అది నిజంగానే చవక. అయితే ఆ డబ్బాలు మోసే పని చేతి ఖాతాలో పడుతుంది. హైదరాబాదువారికి ఆ దారే లేదు.

చిన్నదే చవకా?

ఈ వాదంలో ఎక్కువ వేడి పుట్టించే ప్రశ్న ఇదే. చిన్న తొట్టె పక్షం లెక్క తేలికైనది. అరవై లీటర్లకు మొదట రెండు కిలోల చిల్లర ఉప్పు చాలు. వారానికి ఐదో వంతు మార్చినా పన్నెండు లీటర్లే, ఏడాదికి ఇరవై రెండు కిలోల ఉప్పు. స్కిమ్మర్ అక్కర్లేదు, ఆ మార్చిన నీటితోనే మలినం పోతుంది, తరిగిన ఖనిజాలు తిరిగొస్తాయి. రెండు వందల లీటర్ల తొట్టెలో పదో వంతే మార్చినా ఏడాదికి ముప్పై ఆరు కిలోలు. ఈ లెక్కలో తప్పు లేదు.

పెద్ద తొట్టె పక్షం చూపేది ఇంకో లెక్క. తొట్టెలోంచి ఆవిరయ్యేది నీరు, ఉప్పు అక్కడే ఉంటుంది. నలభై లీటర్ల తొట్టెలోంచి రోజుకు లీటరు ఆవిరైందనుకుందాం. ఇంటివాళ్లు పండక్కి ఊరెళ్లి ఐదు రోజులు తొట్టె మొహం చూడకపోతే మిగిలేది ముప్పై ఐదు లీటర్లు, సెలైనిటీ 35 నుంచి 40కి ఎక్కుతుంది. నూట అరవై లీటర్ల తొట్టెలోంచి రోజుకు రెండు లీటర్లు పోయినా అదే ఐదు రోజుల్లో 37 దాటి కొంచెం. మొదటిదాంట్లో జీవాలు విలవిల్లాడతాయి, రెండోదాంట్లో ఇబ్బందిపడి తేరుకుంటాయి. ఎక్కువ వేసిన మేత, చచ్చి మూలన పడిన చేప, ఆగిపోయిన పంపు, ఏ తప్పుకైనా ఇదే సూత్రం. నీటి పరిమాణం ఒక రకం బీమా, దాని ప్రీమియం ఉప్పు రూపంలో కడతాం.

రెండు లెక్కలూ నిజమే అయినప్పుడు తీర్పు అనుభవం తక్కువున్నవాడి తప్పుల మీద ఆధారపడాలి. కొత్తవాడు చేసే తప్పుల సంఖ్య ఎక్కువ, వాటిని పసిగట్టే వేగం తక్కువ. కాబట్టి అతిచిన్న తొట్టె కొనేటప్పుడు చవకై, రెండోసారి చేపలు కొనేటప్పుడు తడిసి మోపెడవుతుంది. అలాగని రెండు వందల లీటర్లూ అక్కర్లేదు. ఎనభై నుంచి నూట ఇరవై లీటర్ల మధ్య తొట్టె, తగ్గిన నీటిని తనంతట నింపే ఫ్లోట్ అమరిక ఒకటి, రెండు పక్షాల లాభాలనూ చాలావరకు కలుపుతాయి. ఆ ఫ్లోట్ ఖరీదు స్కిమ్మర్ ఖరీదులో చిన్న భాగం. దుకాణదారు దాని ఊసెత్తకుండా స్కిమ్మర్‌నే ముందు చూపిస్తాడెందుకో చెప్పనక్కర్లేదు.

ఎండాకాలం ఖర్చు

చలి దేశాల్లో రాసిన సలహాలన్నిటిలో హీటర్ మొదటి వరుసలో ఉంటుంది. మన దగ్గర అసలు పోరాటం వేడితో. తొట్టె 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మేలు, ముప్పై దాటి రోజుల తరబడి నిలిస్తే పగడాలు తమలో నివసించే నాచును వెళ్లగొట్టి తెల్లబారతాయి. చిల్లర్ కొంటే తక్కువ బడ్జెట్ అన్న మాట అక్కడే ముగుస్తుంది. దానికి విరుగుడు నీటి మీదికి తిప్పిన చిన్న ఫ్యాను. ఒక లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు పట్టుకుపోయే వేడి, వంద లీటర్ల నీటిని ఆరు డిగ్రీల దాకా చల్లార్చేంత. కూజాలో నీరు చల్లబడే సూత్రమే ఇది.

ఎయిర్ కూలర్ హైదరాబాదులో హాయిగా ఉండి విశాఖలో జిడ్డుగా ఎందుకుంటుందో తెలిసినవారికి దీని పరిమితి వెంటనే అర్థమవుతుంది. ఆవిరితో చల్లబడే నీరు తడిబల్బు ఉష్ణోగ్రత కంటే కిందికి దిగలేదు. ఏప్రిల్ మధ్యాహ్నం నలభై డిగ్రీలుండి తేమ పాతిక శాతమే ఉంటే అది సుమారు 24. తీరంలో ముప్పై నాలుగు డిగ్రీలే ఉన్నా తేమ డెబ్బై శాతమైతే 29. అంటే ఎండ ఎక్కువున్న ఊళ్లోనే చవక ఫ్యాను పనిచేస్తుంది, సముద్రం పక్కనున్న ఊళ్లో చతికిలబడుతుంది. విశాఖవాసి ఉప్పు మీద మిగిల్చుకున్నది ఏసీ గది మీద పోతుంది. హైదరాబాదువాసి ఫ్యానుతో మిగిల్చుకున్నది ఉప్పు మీద, ఫ్యాను వల్ల రెట్టింపయ్యే మంచినీటి మీద పోతుంది. కరెంటు పోయినప్పుడు మాత్రం ఇద్దరిదీ ఒకే అవస్థ, ఒకే విరుగుడు: బ్యాటరీతో నడిచే గాలి పంపు, లేదా ఇంట్లోని ఇన్వర్టర్‌కు కలిపిన ఒక్క పంపు. దీపం ఒకరోజు వెలగకపోయినా నష్టం లేదు, నీరు కదలకపోతే గంటల్లో ప్రాణవాయువు తగ్గుతుంది.

రాయి, పగడం, చట్టం

విదేశీ సలహా మన దగ్గర పూర్తిగా తలకిందులయ్యేది ఇక్కడ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో రాతి పగడాలన్నీ ఉన్నాయి, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు కూడా. ఈ షెడ్యూల్ జీవాల విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు. లైవ్ రాక్ అంటేనే ఎక్కువగా చచ్చిన రాతి పగడపు అస్థిపంజరం. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు పగడాన్ని సున్నం కోసం పడవలకెత్తి తవ్వుకుపోయారు, ఇప్పుడు అక్కడ 21 దీవులు జాతీయ పార్కులో ఉన్నాయి. రాతి పగడాలకు అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందమైన సైటీస్ నియంత్రణా ఉంది. కాబట్టి “ఇంపోర్టెడ్ సార్, ఏం కాదు” అన్న మాట పత్రాలకు ప్రత్యామ్నాయం కాదు.

ఇది కొత్తవాడికి దెబ్బలా కనిపిస్తుంది గాని, ఖాతాలు సరిచూస్తే లాభం కూడా. రాతి పగడాలకే బలమైన దీపాలు కావాలి, వాటికే రోజూ కాల్షియం, ఆల్కలినిటీ పోస్తుండాలి, వాటికే మలినం సున్నాకు దగ్గర్లో ఉండాలి. వాటిని పక్కనపెడితే బెర్లిన్ పద్ధతి పరికరాల్లో ఖరీదైనవన్నీ జాబితాలోంచి రాలిపోతాయి. జోయాంథిడ్లు, మష్రూమ్ పగడాలు, తోలు పగడాలు ఆ వర్గానివి కావు. మధ్యరకం దీపంతో, కాస్త నైట్రేట్ ఉన్న నీటిలో బాగానే పెరుగుతాయి, ఒక ముక్క పదవుతుంది. ఒక పెంపకందారు తొట్టెలో పెరిగిన ముక్కను ఇంకొకరు తెచ్చుకుంటే సముద్రం ఖాతాలో ఖర్చు పడదు. రక్షిత ప్రాంతంలోంచి తీసినదైతే మాత్రం మెత్తదైనా నేరమే. రాతి పగడం లేనిది రీఫ్ ఎలా అవుతుందన్న అభ్యంతరం నిఘంటువు ప్రకారం సరైనదే. అయితే తొలి రెండేళ్లు కొత్తవాడి తొట్టెలో రాతి పగడం బతికే అవకాశమే తక్కువ. పేరు కోసం ఒక జీవాన్ని చంపి నేర్చుకోవడం ఏ లెక్కలోనూ చవక అనిపించుకోదు.

ఇక లైవ్ రాక్‌కు బదులు చచ్చిన రాయి, లేదా ఇంట్లో పోతపోసినది. సిమెంటు, చిప్పల పొడి, కల్లుప్పు కలిపి గుండ్లు చేసి, గట్టిపడ్డాక నీళ్లలో వేస్తే ఉప్పు కరిగిపోయి బొరియలు మిగులుతాయి. ఖర్చు నామమాత్రమే. అయితే కొత్త సిమెంటు పీహెచ్‌ను పన్నెండు దాపులకు ఎక్కిస్తుంది, నీళ్లు మారుస్తూ వారాల తరబడి నానబెట్టాలి. ఆ తర్వాత బాక్టీరియా కుదురుకోవడానికి, అంటే సైక్లింగ్‌కు, నెల, నెలన్నర. దానికి అమ్మోనియా చుక్కలో, చేపల బజారులో కొన్న రొయ్య ముక్కో చాలు. చవక డామ్సెల్ చేపను ముందు వదిలి ‘సైక్లింగ్’ చేసే పాత పద్ధతి క్రూరమే గాక తెలివితక్కువది కూడా. బతికి బట్టకట్టిన డామ్సెల్ తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరిమి కొడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాక వదలదగ్గవి హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంట. అవి మన దేశంలోనూ దొరకడం సాధ్యమే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ ఫిష్ పెంపకాన్ని ఎప్పుడో సాధించింది, లక్షద్వీప్‌లోని అగత్తిలో జాతీయ చేపల జన్యు వనరుల బ్యూరో దీవి మహిళలకు అలంకార సముద్ర జీవుల పెంపకం నేర్పింది. క్లౌన్ ఫిష్‌కు సముద్రపు పువ్వు (అనిమోన్) తప్పనిసరి అని చాలామంది నమ్ముతారు గాని, తొట్టెలో అది లేకుండానే దశాబ్దం పైన బతుకుతుంది.

తేలనివి

అసలు ఇంట్లో సముద్రం పెట్టడమే తప్పన్న వాదం అన్నిటికంటే పదునైనది. ఏడాదికి రెండు కోట్లకు పైగా సముద్రపు చేపలు ఈ వ్యాపారంలో చేతులు మారుతున్నాయని 2003లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం తరఫున వచ్చిన నివేదిక అంచనా వేసింది. ఫిలిప్పీన్స్‌లో సైనైడ్ చల్లి పట్టే అలవాటు అందరికీ తెలిసినదే. దీనికి ఎదురు వాదం, దిబ్బ మీద బతికే పేదలకు బతికున్న చేప ఆదాయమైతే దిబ్బను వారే కాపాడతారని. రెండు వైపులా ఉదాహరణలున్నాయి. హేచరీ చేప మొదటి వాదాన్ని తప్పించుకుంటుంది, రెండో వాదాన్ని కూడా బలహీనపరుస్తుంది. దీవివాసులే హేచరీ నడిపే అగత్తి తరహా ప్రయత్నాలు ఆ ముడిని విప్పే దారి చూపుతున్నాయి గాని, ఇంకా చిన్నవే.

సాంకేతిక ప్రశ్నల్లో మలినం సంగతి తిరగబడుతోంది. నైట్రేట్, ఫాస్ఫేట్ ఎంత తక్కువైతే అంత మేలని ఒక తరం నమ్మింది. ఇప్పుడు రెండూ పూర్తిగా సున్నా అయిన కొత్త తొట్టెల్లో, అందులోనూ డ్రై రాక్‌తో మొదలైన వాటిలో, డైనోఫ్లాజెలేట్లు గోధుమరంగు జిగురులా కమ్ముకోవడం చూసి పెంపకందారులే నైట్రేట్ కొని పోస్తున్నారు. సైక్లింగ్ కోసం సీసాల్లో అమ్మే బాక్టీరియా విషయమూ అంతే. తొట్టెల్లో నైట్రైట్‌ను మార్చేది పాఠ్యపుస్తకాల నైట్రోబాక్టర్ కాదని, ముఖ్యంగా నైట్రోస్పైరా అని 1990ల చివరి పరిశోధనలు చూపాక పాత సీసాలు ఎందుకు పనిచేయలేదో తెలిసింది. కొత్తవి సైక్లింగ్‌ను తొందరపరుస్తాయి. కానీ వాటితో మొదలైన తొట్టె ఆరో నెలలో మిగతావాటికంటే గట్టిగా ఉంటుందా అన్నది తేలలేదు. నీళ్లు మార్చకుండా ప్రయోగశాలకు నమూనా పంపి, తరిగిన మూలకాలను మాత్రమే కలిపే జర్మన్ పద్ధతి ఒకటి పదేళ్ల పైచిలుకుగా ప్రచారంలో ఉంది. పెద్ద తొట్టెకు అది ఉప్పును మిగిలిస్తుంది. వంద లీటర్ల తొట్టెకు మాత్రం ఒక్క పరీక్ష రుసుముతో కొన్ని నెలల ఉప్పు వస్తుంది. ఇక డ్రై రాక్ తొట్టెలో మూడో వారం గోధుమరంగు డయాటమ్ పొర, రెండో నెల ఎర్రటి జిగురు, నాలుగో నెల పచ్చటి వెంట్రుకల నాచు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, ప్రతి దశకూ ఒక మందు సీసా కొనాలా, నత్తలను వదిలి, చేత్తో పీకి, దీపం గంటలు తగ్గించి ఊరుకోవాలా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. జేబులో డబ్బు తక్కువున్నవాడికి రెండో దారే మిగులుతుంది, ఆ దారిలో నాచు తగ్గడానికి సాధారణంగా పట్టేది ఆరు నుంచి పన్నెండు నెలలు.